ప్లగ్‌కు కరెంటు రావట్లేదా? పాత బండికి ఏ సామాను మార్చాలి, ఏది మార్చకూడదు

మా బావది కల్వకుర్తి దగ్గర పల్లె. పోయిన వానాకాలం ఒక పొద్దున ఆయన హీరో హోండా స్ప్లెండర్ స్టార్ట్ కాలేదు. ప్లగ్ తీసి చూస్తే కరెంటు లేదు. టౌన్‌లో ఒక షాపుకు తోసుకెళ్తే ముందు ప్లగ్ మార్చారు, రాలేదు. ప్లగ్‌కు సరిపడా వోల్టేజీ పెంచే కాయిల్ మార్చారు, రాలేదు. స్పార్క్ ఎప్పుడు పడాలో చూసే ఎలక్ట్రానిక్ డబ్బా, అదే సీడీఐ, మార్చారు, అప్పుడూ రాలేదు. ఇక ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ పోయింది, దాని ప్లేటు మొత్తం కొత్తది వేయాలి అన్నాక ఆయన నాకు ఫోన్ చేశాడు. ఆ ఆదివారం వెళ్లి ట్యాంకు విప్పాం. బండిని రోజూ పల్లికాయ బస్తాల పక్కన పెట్టేవాడు. ఎలుక కొరికిన ఒక నలుపు-తెలుపు వైరు ఫ్రేముకు తగులుతూ కనిపించింది. టేపు రెండు చుట్లు చుట్టి కిక్ కొడితే రెండో కిక్కుకే బండి అందుకుంది. తీసేసిన పాత కాయిల్, పాత సీడీఐ కవర్లో ఉంటే అవి కూడా వేసి చూశాం. రెండూ బాగానే ఉన్నాయి.

స్పార్క్ పోయినప్పుడు మన ముందు చాలా దారులుంటాయి. కొత్త సామాను, డూప్లికేటు, సెకండ్ హ్యాండ్, పాయింట్లు తీసేసి వాటి బదులు ఎలక్ట్రానిక్ కిట్టు, వైండింగ్, మెకానిక్, ఎలక్ట్రీషియన్. ఏ దారి మంచిదో బండి రకాన్ని బట్టి, తప్పు ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ముందు చెక్ చేయడం గురించి, ఆ తర్వాతే కొనడం గురించి చెప్తాను.

మీ బండి ఏ రకం

మన నల్గొండ, పాలమూరు వైపు ఇంకా తిరుగుతున్న పాత పెట్రోలు బండ్లను ఈ పని కోసం మూడు రకాలుగా చూస్తే చాలు.

మొదటిది బ్యాటరీ మీద నడిచే పాయింట్ల బండి. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లు చాలావరకు ఇవే. అంబాసిడర్, పద్మిని కార్లూ ఇదే పద్ధతి. బ్యాటరీ నుంచి కీ స్విచ్, అక్కడి నుంచి కాయిల్, కాయిల్ నుంచి పాయింట్లు, అంటే ఇంజన్‌తో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారుతుంది, అవి విడిపోయిన క్షణంలో ప్లగ్ దగ్గర నిప్పు పడుతుంది. ఇందులో బ్యాటరీ చచ్చిపోతే స్పార్క్ కూడా పోతుంది.

రెండోది పాత చేతక్ లాంటి బండ్లు. వీటిలో ఇంజన్‌తో తిరిగే బరువు చక్రం, అదే ఫ్లైవీల్, లోపలే పాయింట్లుంటాయి. మన మెకానిక్‌లు వీటినే ప్లాటినం అంటారు. బ్యాటరీతో పని లేదు.

మూడోది సీడీఐ. సీడీ 100, పాత స్ప్లెండర్ ఈ కోవలోవి. 2011లో కంపెనీ పేరు మారింది కాబట్టి ట్యాంకు మీద హీరో హోండా అని ఉన్న బండి ఎంత లేదన్నా పుష్కరం దాటి ఉంటుంది. ఈ బండ్లలో మాగ్నెట్ కాయిలే సీడీఐకి కరెంటు ఇస్తుంది. బ్యాటరీ పూర్తిగా తీసేసినా స్పార్క్ రావాలి. అందుకే పాత స్ప్లెండర్‌కు స్పార్క్ లేదని ఎవరైనా కొత్త బ్యాటరీ అంటగడితే తీసుకోకండి. ఆ డబ్బు దండగ.

రూపాయి ఖర్చు లేని పది నిమిషాలు

ప్లగ్ తీసి, క్యాపుకు తగిలించి, దాని ఇనుప భాగం ఇంజన్‌కు గట్టిగా ఆనించి కిక్ కొట్టడం అందరికీ తెలుసు. అందులో తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. ఒకటి, వెలుతురు. మేలో మన దగ్గర 45 డిగ్రీల ఎండలో నడిరోడ్డు మీద చూస్తే మంచి స్పార్క్ కూడా కనపడదు. లేదనుకుని బండి తోసుకెళ్లినవాళ్లను చూశాను. వేప చెట్టు నీడలోకో, షెడ్డులోకో తీసుకెళ్లి, అరచేతిని అడ్డం పెట్టి చూడండి. టక్ టక్ మని నీలం రంగులో పడితే మంచి స్పార్క్. సన్నగా, నారింజ రంగులో అప్పుడప్పుడూ పడితే బలహీనం. రెండు, ఎర్త్, అంటే ఇంజన్ ఇనుముకు సరిగ్గా తగలడం. పెయింట్ మీదో మసి మీదో ప్లగ్ ఆనిస్తే స్పార్క్ రాదు. మూడు, జాగ్రత్త. ప్లగ్ తీసిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. ట్యాప్ కట్టేసి, ప్లగ్‌ను ఆ రంధ్రానికి దూరంగా పెట్టండి. క్యాపును చేత్తో పట్టుకోవద్దు, సీడీఐ షాక్ మామూలుగా ఉండదు.

స్పార్క్ లేకపోతే ముందు బాగున్న ఇంకో ప్లగ్ పెట్టి చూడండి. అప్పుడూ రాకపోతే ప్లగ్ క్యాపు విప్పండి. అది స్క్రూలాగా తిప్పితే ఊడి వస్తుంది. లోపల వైరు కొస పచ్చగా చిలుము పట్టి ఉంటే అర సెంటీమీటరు కోసి, కొత్త రాగి మీద క్యాపు బిగించండి. క్యాపు లేకుండా వైరు కొసను ఇంజన్‌కు నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో కర్రతో నిలబెట్టి కిక్ కొడితే స్పార్క్ దూకుతోందా? అయితే పోయింది క్యాపే. అంతటితో పని అయిపోయింది. కాయిల్‌నూ సీడీఐనీ ముట్టుకోనక్కర్లేదు. అయితే వైరును మరీ దూరంగా, గాల్లో వదిలేసి మాత్రం కిక్ కొట్టకండి. నిప్పుకు దారి దొరక్కపోతే ఆ దెబ్బ కాయిల్ మీదా సీడీఐ మీదా పడుతుంది.

బుల్లెట్ ముల్లు చెప్పే మాట

పాయింట్ల బుల్లెట్ ఉన్నవాళ్ల దగ్గర పైసా ఖర్చు లేని టెస్టింగ్ మెషిన్ ఒకటుంది. హెడ్‌లైట్ పైన ఉండే ఆంపియర్ మీటరు. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు.

లైట్లన్నీ ఆపి, ప్లగ్ తీసి క్యాపుతో సహా ఇంజన్‌కు ఆనించి, కీ ఆన్ చేసి, కిక్కర్‌ను చేత్తో మెల్లగా నొక్కుతూ ముల్లును చూడండి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ ముల్లు మైనస్ వైపు రెండు మూడు ఆంపియర్ల దగ్గర నిలబడాలి. పాయింట్లు విడిపోగానే మధ్యకు రావాలి. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే ఇలా జరుగుతుంది కాబట్టి ఓపిక పట్టండి.

ముల్లు అసలు కదలకపోతే కాయిల్‌కు కరెంటే పారట్లేదన్నమాట. బ్యాటరీ, ఫ్యూజు, కీ స్విచ్, కాయిల్ టెర్మినల్, లేదా పాయింట్ల మీద మడ్డి. ముల్లు మైనస్ వైపే ఉండిపోయి మధ్యకు రాకపోతే కరెంటు పారుతోంది కానీ తెగట్లేదు. పాయింట్లు విడవట్లేదు, లేదా పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సర్ షార్ట్ అయింది, లేదా పాయింట్ల సన్న వైరు ఎక్కడో ఎర్త్ అవుతోంది. ముల్లు సరిగ్గా అటూ ఇటూ ఊగుతున్నా ప్లగ్ దగ్గర నిప్పు లేకపోతే అనుమానం కాయిల్ లోపలి సన్న చుట్ల మీదకు, కాయిల్ నుంచి ప్లగ్‌కు పోయే హెవీ వైరు, క్యాపు మీదకు, ఓపెన్ అయిన కండెన్సర్ మీదకు పోతుంది.

రెండేళ్ల కింద దేవరకొండ నుంచి డిండి వైపు నాన్న బుల్లెట్ మీద పోతుంటే మధ్యాహ్నం పూట బండి ఒక్కసారిగా ఆగిపోయింది. నాన్న దిగి, ప్లగ్ తీయకముందే కీ ఆన్ చేసి కిక్కర్ నొక్కాడు. ముల్లు మూడు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. "కాయిల్ కాదు, ప్లగ్ కాదు. లోపల ఎక్కడ్నో ఎర్తవుతుంది. మూత తీయరా" అన్నాడు. పాయింట్లుండే డబ్బా, అదే డిస్ట్రిబ్యూటర్, మూత తీస్తే, పాయింట్లకు పోయే వైరు మీది తొడుగు వేడికి మెత్తబడి, పగిలి, రాగి ప్లేటు అంచుకు తాకుతోంది. సైకిల్ ట్యూబు ముక్కను సన్నగా కోసి ఆ వైరు కింద దూర్చాం. ఇంటిదాకా అదే నడిపింది. ఆ రోజు ముల్లు చూడకుండా దేవరకొండ నుంచి కొత్త కాయిల్ తెప్పించి ఉంటే సాయంత్రం దాకా ఎండలోనే ఉండేవాళ్లం.

కండెన్సర్‌ను పట్టడానికి ఇంకో గుర్తు. మూత తీసి కిక్ కొడుతూ పాయింట్లను చూడండి. విడిపోయినప్పుడు చిన్న మెరుపు సహజం. పెద్ద నీలం మంటలా పడుతూ, ప్లగ్ దగ్గర మాత్రం నీరసంగా ఉంటే కండెన్సర్ పోయింది. పాయింట్లు నల్లగా మాడి ఒకవైపు గుంట, ఇంకోవైపు మొటిమ తేలినా అనుమానం దాని మీదే. కొత్త పాయింట్లు వేసి పాత కండెన్సర్ ఉంచితే కొద్ది రోజుల్లో కొత్తవీ మాడతాయి.

గ్యాపు బుల్లెట్‌కు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ ఉంటే సరే. లేకపోతే షేవింగ్ బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. నాలుగు బ్లేడ్లు కలిపి దూరిస్తే కొద్దిగా పట్టుకుంటూ జారాలి. పాయింట్లను సన్న ఎమరీతో రుద్దాక పెట్రోలులో తడిపిన శుభ్రమైన కాగితాన్ని మధ్యలో పెట్టి లాగడం మర్చిపోవద్దు. ఎమరీ పొడి మిగిలినా స్పార్క్ రాదు. ఇంకో మాట, పని చేస్తూ కీ ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్ వేడెక్కి నిజంగానే పోతుంది.

స్ప్లెండర్‌లో నలుపు-తెలుపు వైరు

పాత స్ప్లెండర్‌లో కీ ఆఫ్ చేయడమంటే ఆ నలుపు-తెలుపు వైరును ఎర్త్‌కు కలపడమే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కీ స్విచ్ లోపల చెడినా, హెడ్‌లైట్ గిన్నెలో నీళ్లు చేరినా, మా బావ బండిలాగా ఎలుక కొరికినా, బండి తాళం తీసి ఉన్నా తాళం వేసినట్టే ఉంటుంది. సీడీఐ కనెక్టర్ దగ్గర ఆ ఒక్క వైరు పిన్ను వెనక్కి లాగి, అది దేనికీ తగలకుండా చూసి కిక్ కొట్టండి. స్పార్క్ వస్తే సామాను ఏదీ పోలేదు. స్విచ్చో వైరో చూసుకోవాలి. చెక్ చేశాక మళ్లీ పెట్టేయండి, లేకపోతే తాళంతో బండి ఆగదు.

అప్పటికీ రాకపోతే మల్టీమీటరు కావాలి. కొన్ని వందల్లో దొరుకుతుంది, ఒక్క తప్పు సీడీఐ కొనకుండా ఆపితే దాని ఖరీదు తిరిగొచ్చినట్టే. మాగ్నెట్ నుంచి వచ్చే నలుపు-ఎరుపు వైరుకూ ఎర్త్‌కూ మధ్య, అలాగే నీలం-పసుపు వైరుకూ ఎర్త్‌కూ మధ్య ఓమ్స్ చూడండి. మొదటిది సీడీఐకి కరెంటు ఇచ్చే కాయిల్, రెండోది టైమింగ్ చెప్పే పల్సర్ కాయిల్. రెండింటిలోనూ కొన్ని పదులో, వందలో ఓమ్స్ రావాలి. మీటరు అసలు కదలకపోతే లోపల తెగింది. సున్నా చూపిస్తే షార్ట్.

సీడీఐని మాత్రం మీటరుతో నమ్మకంగా చెక్ చేయలేం. దానికి మందు పక్కింటి స్ప్లెండరే. మన ఊళ్లల్లో వాడకొకటి ఉంటుంది. అదే మోడల్‌ది అడిగి తెచ్చి పెట్టి చూడటం రెండు నిమిషాల పని. అన్నీ చూశాక, చివర్లో మాత్రమే సీడీఐ మీద నేరం మోపండి. నా చేతిలోకి వచ్చిన బండ్లలో వైరు, కనెక్టర్, క్యాపు తప్పులే ఎక్కువ.

పాయింట్లా, ఎలక్ట్రానిక్ కిట్టా

బుల్లెట్ వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. రెండు రకాలూ నడిపాను కాబట్టి నా మాట సూటిగా చెప్తాను.

ఎలక్ట్రానిక్ కిట్టు వేస్తే గ్యాపు గొడవ పోతుంది, టైమింగ్ నెలలు గడిచినా కదలదు, ఐడ్లింగ్ నిలకడగా ఉంటుంది. కానీ దానికి మంచి బ్యాటరీ, మంచి ఛార్జింగ్, శుభ్రమైన ఎర్త్ కావాలి. బ్యాటరీ నీరసపడితే పాయింట్ల బండి ఏడుస్తూనైనా స్టార్ట్ అవుతుంది. కిట్టు చాలాసార్లు ముందే చేతులెత్తేస్తుంది. పోయినప్పుడు కొంచెం కొంచెంగా పోదు, ఒక్కసారిగా పోతుంది. దారిలో దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

కాబట్టి మహబూబ్‌నగర్ టౌన్‌లో ఉంటూ రోజూ జడ్చర్ల దాకా వెళ్లొచ్చేవాళ్లు, బ్యాటరీ బాగా చూసుకునేవాళ్లు కిట్టు వేసుకోండి, సుఖంగా ఉంటుంది. కొల్లాపూర్, అమ్రాబాద్, చందంపేట వైపు ఒంటరి రోడ్ల మీద తిరిగేవాళ్లు, వారానికొకసారి బండి తీసేవాళ్లు పాయింట్లే ఉంచుకోండి. 6 వోల్ట్‌ల పాత బండి అయితే కిట్టు దానికి పనికొస్తుందో లేదో అడగకుండా కొనొద్దు. కిట్టు వేసినా పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ పారేయొద్దు. అవి రెండూ సీటు కింద ఉంటే కిట్టు దారిలో పోయినా అరగంటలో పాత పద్ధతికి మార్చుకోవచ్చు. మీ కాయిల్‌ను కూడా మార్చేసే కిట్టు అయితే పాత కాయిల్‌నూ దాచండి.

చేతక్‌కు ఈ ఆలోచన వేరు. పాయింట్లు ఫ్లైవీల్ లోపల ఉండటంతో వాటిని మార్చాలన్న ప్రతిసారీ ఫ్లైవీల్‌ను లాగే పనిముట్టు, అదే పుల్లర్, పెట్టి విప్పాలి. ఎలాగూ విప్పారు కాబట్టి పాయింట్లు, కండెన్సర్ రెండూ ఒకేసారి కొత్తవి వేయడం మేలు.

కంపెనీ సామానా, డూప్లికేటా, పాతదా

పాయింట్లలో డూప్లికేటు వద్దే వద్దు. పాయింట్లను విడదీసే తిరిగే ముక్క, అదే కామ్, మీద రాసుకునే మడమ మెత్తగా ఉండి త్వరగా అరుగుతుంది, గ్యాపు దానంతటదే మూసుకుపోతుంది. పది రోజులకోసారి సర్దుకోవాల్సి వస్తే మిగిల్చిన డబ్బుకు అర్థం లేదు. కండెన్సర్ చవక సామాను, అందుకే నేను రెండు కొంటాను. మొదటిది వేసి వేడి మీద నడిపి చూసి, తర్వాత తీసి రెండోదాన్ని కూడా అలాగే చూసి, బాగున్నదాన్ని దాస్తాను. కొత్త కండెన్సర్లలోనూ పనికిరానివి తగులుతాయి. పాయింట్ల బండ్ల కండెన్సర్ విలువలు దాదాపు 0.2 మైక్రోఫారడ్ దగ్గరే ఉంటాయి కాబట్టి అత్యవసరానికి కారుది కూడా బుల్లెట్‌కు బయట బిగించి నడిపించవచ్చు.

కాయిల్ విషయంలో ఒక్క జాగ్రత్త. బ్యాటరీ-పాయింట్ల కాయిల్, సీడీఐ కాయిల్ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకటి కాదు. 12 వోల్ట్‌ల పాయింట్ల కాయిల్ ప్రైమరీ (లావు తీగ చుట్లు) దాదాపు 3 నుంచి 5 ఓమ్స్ చూపిస్తుంది, సీడీఐది సాధారణంగా 1 ఓమ్ లోపే. సీడీఐ కాయిల్‌ను పాయింట్ల బండికి వేస్తే పాయింట్లు మాడిపోతాయి. షాపులో "ఏదైనా పడుతుంది తమ్మీ" అంటే నమ్మకండి.

సెకండ్ హ్యాండ్ కాయిల్ కొనొచ్చు, కానీ వేడి పరీక్ష తర్వాతే. ఎండాకాలంలో మన దగ్గర కాయిల్ పోయే తీరే వేరు. పొద్దున బాగానే స్టార్ట్ అవుతుంది, పది పదిహేను కిలోమీటర్లు నడుస్తుంది, ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ అందుకుంటుంది. మెకానిక్ దగ్గరికి పోయేసరికి చల్లబడి ఉంటుంది, ఆయన కార్బురేటర్ విప్పుతాడు. అలా ఆగినప్పుడు కీ ఆఫ్ చేసి, కాయిల్ మీద తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలు ఆగండి. స్పార్క్ తిరిగొస్తే దొంగ దొరికినట్టే. పాత సామాను షాపు అతను బండికి బిగించి ఓ అరగంట తిప్పుకు రానిస్తానంటేనే పాత కాయిల్, పాత సీడీఐ తీసుకోండి. చల్లటి కాయిల్‌ను కౌంటర్ మీద పెట్టి చూసి కొనేది కొనడం కాదు.

మాగ్నెట్ కాయిల్ తెగితే వైండింగ్ చేయించాలా, కొత్తది వేయాలా? బోరు మోటార్ల పుణ్యమా అని మన టౌన్లలో వైండింగ్ షాపులకు కొదవ లేదు. లైట్ల కాయిల్ అయితే నిశ్చింతగా చుట్టించండి, తీగ లావుగా ఉంటుంది. సీడీఐకి కరెంటు ఇచ్చే కాయిల్ తీగ వెంట్రుకలా ఉంటుంది, చుట్లు చాలా ఎక్కువ. బండి వణుకుకూ వేడికీ అది తట్టుకోవాలంటే వార్నిష్ పని బాగా తెలిసిన చెయ్యి కావాలి. అలాంటి మనిషి తెలియకపోతే కొత్త ప్లేటే నయం.

ఎవరి దగ్గరికి

పాయింట్ల బుల్లెట్‌కు వైరింగ్ అనుమానం ఉంటే ట్రాక్టర్ల, లారీల వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ మేలు. ఆయన చేతిలో టెస్ట్ లైట్ ఉంటుంది, కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో అడుగడుగునా చూసుకుంటూ వస్తాడు. ఫ్లైవీల్ విప్పే పనికి మాత్రం పుల్లర్ ఉన్న బైక్ మెకానికే కావాలి. సుత్తితో ఫ్లైవీల్ కొట్టేవాళ్ల దగ్గరికి బండి తీసుకెళ్లకండి. ఎవరి దగ్గరికి వెళ్లినా "అన్నా, ఏం చూస్తే ఇది పోయిందని తెలిసింది?" అని మర్యాదగా అడగండి. పని తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. పాత సామాను మాత్రం తప్పకుండా అడిగి ఇంటికి తెచ్చుకోండి.

కార్బురేటర్ మారుతి 800 ఉన్నవాళ్లకు ఒక్క మాట. వాన పడిన పొద్దున స్పార్క్ పోతే ముందు డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తేమ తుడవండి. వెంట్రుక లాంటి నల్ల గీత కనిపిస్తే అది పగులు, మూత మార్చాల్సిందే. మూత లోపల తిరిగే రోటరు కొస మాడిందేమో కూడా అప్పుడే చూడండి.

శ్రీశైలం వెళ్లేటప్పుడు నా బుల్లెట్ సంచిలో ప్లగ్ పానా, మంచి ప్లగ్ ఒకటి, క్యాపు, పాయింట్ల సెట్టు, దాచిన కండెన్సర్, నాలుగు బ్లేడ్లు, ఎమరీ ముక్క, పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి చేసిన టెస్ట్ లైట్, సైకిల్ ట్యూబు ముక్క ఉంటాయి. మన్ననూరు దాటాక అంతా అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ రోడ్డు మూసేస్తారు. అందుకని హాజీపూర్ చౌరస్తాలో చాయ్‌కి ఆపినప్పుడు, ఇంజన్ బాగా వేడి మీద ఉండగానే ఆపేసి, ఐదు నిమిషాలాగి మళ్లీ కిక్ కొట్టి చూస్తాను. వేడి మీద అందుకుంటే ముందుకు పోతాను. అందుకోకపోతే తడిగుడ్డ తీసి అచ్చంపేట వైపు తిప్పుతాను.